ఎకరం ధర పెరిగింది, కూలోనికి జాగ కరువైంది
సిద్దిపేట పల్లెల్లో భూములు, ఇండ్లు ఎవరి చేతుల్లోకి పోతున్నాయి?

సిద్దిపేట జిల్లాలో ఏ ఊరి హోటలు ముందు నిలబడ్డా ఇవ్వాళ వినబడే మాట ఒక్కటే. ఎకరం ఎంత పలుకుతున్నది, గుంట ఎంతకు పోయింది, బయానా ఎవరిచ్చిండ్రు. వానల గురించి, మక్క ధర గురించి మాట్లాడుకునే కాడ భూమి బేరాలు మాట్లాడుకుంటున్నారు. భూముల ధరలు పెరగటమే తెలంగాణ బాగుపడిందనటానికి సాక్ష్యమని పాలకులు చాలా ఏండ్లు చెప్తూ వచ్చారు. ఇక్కడ ఒక ఎకరం అమ్ముకుంటే ఆంధ్రలో ఎన్నో ఎకరాలు కొనుక్కోవచ్చునని 2023 ఎన్నికల ముందు సభల్లో అప్పటి ముఖ్యమంత్రి గొప్పగా చెప్పారు. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ సభల్లో కూచున్న వాళ్లలో అమ్ముకోవటానికి ఎకరం వున్న వాళ్లెంతమంది, ఇల్లు కట్టుకోవటానికి అర గుంట కూడా లేని వాళ్లెంతమంది? ఆ లెక్క ఏ వేదిక మీదా ఎవరూ చెప్పలేదు. వ్యవసాయ కూలీల సంఘాలు పనిచేసే వాళ్లకు ఆ లెక్కే ముఖ్యం.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ధరలు ఊరికో తీరు, రోడ్డుకు ఈవల ఒక తీరు, ఆవల ఒక తీరు వుంటాయి కాబట్టి లెక్క కోసం ఎకరం 40 లక్షలు అనుకుందాం. రాజీవ్ రహదారి పక్కన ఈ ధరకు చెల్క అడిగితే నవ్వి పొమ్మంటారు. లోపలి ఊళ్లలో దీనికి తక్కువా వుంటుంది. ఎకరానికి 40 గుంటలు. అంటే గుంట లక్ష రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. గుంట జాగ కొనాలంటే ఒక మనిషి 326 రోజులు పనిచేసి, అందులో ఒక్క పైసా తినకుండా, తాగకుండా, పిల్లలకు బలపం కూడా కొనకుండా దాచాలి. అప్పటి చట్టంలో చెప్పిన నూరు రోజుల పని పూర్తిగా దొరికినా మూడేండ్లకు పైగా పడుతుంది. నూరు రోజులు దొరికిన కుటుంబాలు ఎన్నో ఉపాధి పనికి పోయే వాళ్లనే అడగండి.

అయితే గుంట లెక్కన జాగ కూలోనికి ఎవడమ్ముతాడు? అది గజాల్లో అమ్ముతారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది. గుంటకు 121 గజాలు, ఎకరానికి 4,840 గజాలు. రైతు దగ్గర ఎకరం 40 లక్షలకు కొన్నోడు గజం 826 రూపాయలకు కొన్నట్టు. రోడ్లకు, ఖాళీ జాగలకు పోగా 2,700 గజాలు ప్లాట్లుగా మిగిలాయనుకుందాం. గజం 5,000కు అమ్మితే 1 కోటి 35 లక్షలు. మొరం పోయించటానికి, కడీలు పాతటానికి, భూమి మార్పిడి ఫీజుకు, దళారీ కమీషన్లకు, రంగుల కాగితాలు అచ్చు వేయించటానికి 25 లక్షలు తీసేసినా 70 లక్షలు మిగిలాయి. తాత ముత్తాతల నాటి నుంచి రాళ్లు ఏరి, కట్ట పోసి, బోర్లు వేసి అప్పుల పాలైన రైతుకు దక్కింది 40. ఒక్క గింజ పండించనోడికి దక్కింది 70. అదే ఊరి కూలి మనిషి ఇల్లు కట్టుకోవటానికి 150 గజాలు కావాలంటే ఏడున్నర లక్షలు పెట్టాలి. ఉపాధి హామీ కూలి లెక్కన 2,443 పని దినాలు. ఏటా నూరు రోజుల చొప్పున 24 ఏండ్లు. ఆ 24 ఏండ్లూ ధర అక్కడే ఆగి వుంటే!

ఈ ధర పంట నుంచి పుట్టిందా? ఎంతమాత్రం కాదు. 2025-26 వానాకాలానికి సాధారణ రకం వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఎకరానికి 24 క్వింటాళ్లు పండి, కోతలు పెట్టకుండా కొన్నారనుకున్నా 56,856 రూపాయలు. రెండు పంటలూ పండితే లక్షా 13 వేల చిల్లర. అందులో దున్నకం, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను కిరాయి తీసేస్తే సగం మిగిలితే గొప్ప. అదే 40 లక్షలు బ్యాంకులో నూటికి ఏడు వడ్డీకి వేసుకుంటే ఏడాదికి రెండు లక్షల 80 వేలు ఊరికే వస్తాయి. అంటే నాగలి పట్టేవాడు, పండించి బతకాలనుకునే వాడు ఈ ధరకు భూమి కొనలేడు. కొంటే అప్పు తీరదు. భూమిని పండించటానికి కాదు, పైసలు దాచుకోవటానికి కొంటున్నారు. ఒకప్పుడు బంగారం కొని బీరువాలో పెట్టేవారు. ఇప్పుడు భూమి కొని ఫెన్సింగు వేస్తున్నారు.

ఈ పైసలు ఎక్కడివి? హైదరాబాదువి. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వమే భూములు వేలం వేస్తే ఒక చోట ఎకరం నూరు కోట్లు దాటింది. అక్కడ అంత పోసిన వాడికి, అక్కడ అమ్ముకున్న వాడికి, ఇక్కడ ఎకరం 40 లక్షలన్నా, కోటి అన్నా చిల్లర కిందే లెక్క. ఆ చిల్లర రాజీవ్ రహదారి వెంబడి శామీర్‌పేట దాటి, ములుగు, వర్గల్, గజ్వేల్, కొండపాక మీదుగా సిద్దిపేట దాకా పారుతూ వచ్చింది. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా అయింది. ములుగు దగ్గర హార్టికల్చర్ యూనివర్సిటీ, అటవీ కళాశాల వచ్చాయి. 2021 జూన్‌లో దుద్దెడ దగ్గర కొత్త కలెక్టరేటు తెరిచారు. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి పోయే రైలు మార్గానికి 2016 ఆగస్టులో ప్రధాని పునాదిరాయి వేస్తే, 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు రైలు బయలుదేరింది. కాళేశ్వరం పథకం కింద రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్ 2020లో, మల్లన్నసాగర్ 2022లో ప్రారంభమయ్యాయి. ప్రాంతీయ రింగు రోడ్డు ఉత్తర భాగం గజ్వేల్ మీదుగా గీశారు. 2025 మార్చిలో హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ హద్దును ఆ రింగు రోడ్డు దాకా జరిపి 11 జిల్లాల్లోకి తెచ్చారు. మన జిల్లా మండలాలు కొన్ని అందులో వున్నాయి.

ఇవన్నీ ప్రజల సొమ్ముతో జరిగిన పనులు. రోడ్డుకు, రైలుకు, చెరువుకు పన్ను కట్టింది అందరం. అగ్గిపెట్టె కొన్న కూలీ కూడా కట్టాడు. కాని ఆ పనుల వల్ల భూమికి పెరిగిన విలువ మాత్రం భూమి వున్నోడి జేబులోకి, అంతకంటే ఎక్కువగా ముందు కబురు తెలిసి కొన్నోడి జేబులోకి పోయింది. రోడ్డు గీత ఎక్కడ పడుతుందో గ్రామంలో పట్టాదారుకు తెలిసే లోపల పట్నంలో ఎవరికో తెలిసిపోతుంది. రైలు రావద్దని, నీళ్లు రావద్దని ఎవరూ అనరు. సిద్దిపేట చెల్కల్లో బోర్లు ఎండి ఎంతమంది రైతులు ఉరి వేసుకున్నారో మనకు తెలుసు. నీళ్లు రావలసిందే. నీళ్లు వచ్చిన తర్వాత ఆ భూమి ఎవరి చేతిలో మిగిలిందన్నది వేరే ప్రశ్న.

ప్రభుత్వ పథకాలు కూడా భూమి కొని పెట్టుకోవటానికి ఎదురు బహుమానం ఇచ్చినట్టే నడిచాయి. 2018 మే నుంచి రైతుబంధు కింద ఎకరానికి పంటకు 4,000, తర్వాత 5,000 చొప్పున పట్టాదారు ఖాతాలో వేశారు. దున్నేవాడు ఎవడన్నది అడగలేదు, భూమి ఎన్ని ఎకరాలన్నది అడగలేదు. హైదరాబాదులో వుండి ఇక్కడ ఇరవై ఎకరాలు కొన్నోడికి ఏటా రెండు లక్షలు వచ్చాయి. కౌలుకు చేసినోడికి ఏమీ రాలేదు. కౌలు మాత్రం తగ్గలేదు. 2025 జనవరి 26 నుంచి దాన్ని రైతు భరోసాగా మార్చి ఎకరానికి పంటకు 6,000 చేశారు. వెంచర్లుగా, రోడ్లుగా మారిన భూములకు ఇవ్వబోమన్నారు. ఇది ఒక అడుగు ముందుకే. భూమిలేని కూలి కుటుంబానికి అదే రోజు ప్రకటించిన ఆత్మీయ భరోసా ఏడాదికి 12,000. దానికి కూడా ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి వుండాలనే షరతు. పదెకరాల ఆసామికి ఒక్క షరతూ లేకుండా లక్షా 20 వేలు, కూలోనికి హాజరు చూపిస్తే 12 వేలు!

2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. తహసీలు ఆఫీసులోనే రిజిస్ట్రేషను, అదే రోజు పాసుబుక్కు అన్నారు. అమ్మేవాడికి, కొనేవాడికి పని సులువైంది. కాని పహాణీలో వుండే అనుభవదారు కాలం మాయమైంది. దున్నుతున్నోడి పేరు ఎక్కడా లేకపోతే పట్నం నుంచి వచ్చి కొనేవాడికి అడ్డేముంది? సాదా బైనామా మీద కొనుక్కొని ముప్పై ఏండ్లుగా దున్నుకుంటున్న పేద రైతులు దరఖాస్తులు పెట్టుకోమంటే 2020లో రాష్ట్రమంతా కలిసి సుమారు 9 లక్షల మంది పెట్టుకున్నారు. అవి కోర్టు నిలుపుదలలో ఏండ్లకొద్దీ నానాయి. ఈలోపల పాత పట్టాదారు కొడుకులు పాసుబుక్కు చేతిలో పెట్టుకొని అదే భూమిని మళ్లీ అమ్మిన ఊళ్లు వున్నాయి. ధర తక్కువ వున్నప్పుడు మాట మీద నిలబడ్డ మనుషులు ధర పెరగ్గానే మాట తప్పారు. ధర మనుషుల బుద్ధిని కూడా మారుస్తుంది.

భూమికి రెండు ధరలు వున్న సంగతి మన కార్యకర్తలు గట్టిగా పట్టుకోవాలి. ఒకటి బజారు ధర, ఒకటి సర్కారు పుస్తకంలో ధర. 2013 తర్వాత ఎనిమిదేండ్ల దాకా సర్కారు ధర ముట్టుకోలేదు. 2021 జూలై 22 నుంచి వ్యవసాయ భూముల విలువలు అంతకుముందు వున్న దాన్ని బట్టి నూటికి 30 నుంచి 50 దాకా పెంచి, ఎకరానికి కనీస విలువ 75 వేలు చేశారు. రిజిస్ట్రేషను ఖర్చు నూటికి ఆరు నుంచి ఏడున్నరకు పెంచారు. 2022 ఫిబ్రవరి 1 నుంచి మళ్లీ పెంచారు. ఎంత పెంచినా బజారు ధరకు ఆమడ దూరంలోనే వున్నది. కాగితం మీద తక్కువ రాసి మిగతాది చేతిలో పెట్టుకోవటం ఊరూరా నడిచే తతంగమే. ఇందులో అమ్మేవాడికీ, కొనేవాడికీ లాభమే అనిపిస్తుంది. ప్రభుత్వం భూమి గుంజుకునే రోజు వస్తే తప్ప ఆ లాభం ఎవరి గొంతు కోస్తుందో తెలియదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం లెక్కకు మూలం పుస్తకంలోని విలువ, లేదా గడిచిన మూడేండ్లలో చుట్టుపక్కల రిజిస్టరైన కాగితాల్లోని విలువ, ఏది ఎక్కువైతే అది. రెండూ కాగితాలే. భూమి అమ్ముడుపోయింది బజారు ధరకు, సేకరణ జరిగేది కాగితం ధరకు. సేకరణ మొదలు పెట్టక ముందే కలెక్టరు ఆ విలువలను సవరించాలని అదే చట్టం 26వ సెక్షను చెప్తున్నది. ఈ మాట నోటీసు తీసుకున్న ఏ రైతుకూ అధికారులు తమంతట తాము చెప్పరు.

దీనికి మల్లన్నసాగరే నిలువెత్తు నిదర్శనం. 50 టీఎంసీల జలాశయం. కింద మునిగినవి ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్, ఎర్రవల్లి, సింగారం, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి. 2013 చట్టాన్ని పక్కకు పెట్టి, 2015 జూలైలో తెచ్చిన 123వ నెంబరు ఉత్తర్వు కింద నేరుగా కొనుగోలు అనే పేరుతో భూములు రాయించుకోవటం మొదలు పెట్టారు. వేములఘాట్ ప్రజలు నెలల తరబడి రిలే నిరాహార దీక్షలు చేశారు. 2016 జూలై 24న ఎర్రవల్లి దగ్గర లాఠీలు విరిగాయి. ఆ ఉత్తర్వును 2016 ఆగస్టు 3న హైకోర్టు కొట్టేసింది. కొట్టేయించింది ఎవరు? పట్టాదారులు కాదు. జహీరాబాదు పారిశ్రామిక మండలి కింద బతుకు పోగొట్టుకుంటున్న వ్యవసాయ కూలీలు, చేతివృత్తుల వాళ్లు కోర్టుకు పోయారు. పట్టాదారు భూమి అమ్ముకుంటాడు, పైసలు తీసుకుంటాడు, మరి ఆ భూమిలో పనిచేసి బతికే మా సంగతేమిటని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు లేకనే ప్రభుత్వం హడావుడిగా కూలీలకు కూడా పునరావాసం అంటూ కొత్త ఉత్తర్వులు ఇచ్చింది. 2017లో చట్టాన్నే రాష్ట్రం తనకు తగ్గట్టు సవరించుకున్నది.

పరిహారం పట్టుకొని మునిగిన ఊళ్ల రైతులు దౌల్తాబాద్, దుబ్బాక, గజ్వేల్ దిక్కు భూమి వెతుకుతూ బయలుదేరారు. అప్పటికే చుట్టుపక్కల ధర రెండింతలు, మూడింతలైంది. వేల కుటుంబాలు ఒకేసారి చేతిలో పైసలతో భూమి కోసం తిరుగుతుంటే అమ్మేవాడు ధర పెంచడా? ఐదెకరాలు ఇచ్చిన వాడికి రెండెకరాలు కూడా రాలేదు. సగం మంది ఆ ఆశ వదులుకున్నారు. పైసలు ఇల్లు కట్టటానికి, పెండ్లిండ్లకు, ఆస్పత్రులకు కరిగిపోయినయి. ఇప్పుడు గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీలో వరుసగా ఇండ్లున్నాయి. సిమెంటు రోడ్లున్నాయి. పనే లేదు. మేకలను కట్టేయటానికి జాగ లేదు, బర్రెను పెట్టుకోవటానికి దొడ్డి లేదు. "ఇల్లు మంచిగనే ఉన్నది, ఇంట్ల కూసోని ఏం తినాలె?" అన్న మాట ఆ కాలనీలో ఏ గల్లీలోనైనా వినొచ్చు. ఊరికి దగ్గర్లో పొలం, పొలంలో పని, పనికి పోయే దారిలో కట్టెలు, కూర, గడ్డి. ఇవన్నీ కలిస్తేనే కూలి మనిషికి ఇల్లు. అందులోంచి నాలుగు గోడలు మాత్రం తీసి ఇచ్చారు.

ఇక ఇండ్ల సంగతి. సిద్దిపేట పల్లెల్లో ఇప్పుడు ఎన్ని రకాల ఇండ్లు వున్నాయో చూస్తే గ్రామంలో వర్గాలు ఎట్లా విడిపోయాయో కండ్లకు కడుతుంది. నడి ఊళ్లో దొరల గడీలు కూలిపోయో, బడిగానో, గోదాముగానో మారాయి. ఇప్పుడు మన జిల్లాలో వున్న బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం కాల్చి చంపిన జనం ఏ గడీలకు, ఏ వెట్టికి ఎదురు తిరిగారో ఆ గడీలు పోయాయి. కాని ఊరి బయట కొత్త ప్రహరీలు లేచాయి. ఫామ్‌హౌసు అంటారు. ఐదెకరాల చుట్టూ ఎత్తు గోడ, ఇనుప గేటు, లోపల మామిడి చెట్లు, ఈత కొట్టే కుంట, వాచ్‌మన్ కుటుంబం. ఆ వాచ్‌మన్ ఒకప్పుడు ఆ ఐదెకరాల్లోనే కౌలుకు చేసిన మనిషి కూడా కావొచ్చు. భూమి ఎప్పటిదో బాట మూసేసి గేటు పెడితే వెనుక పొలాలకు పోయే దారి బంద్. ఈ దారి తగాదాలు లేని మండలం లేదిప్పుడు.

ఫామ్‌హౌసు కొనలేని పట్నం మధ్యతరగతి వాళ్ల కోసం ఫామ్ ప్లాట్లు తెచ్చారు. లేఅవుటు అనుమతి లేదు, భూమి మార్పిడి లేదు, వ్యవసాయ భూమినే రెండు గుంటలు, ఐదు గుంటలు అని ముక్కలు చేసి పాసుబుక్కుతో సహా అమ్ముతారు. నాలుగు శ్రీగంధం మొక్కలు నాటి పదేండ్లకు కోట్లు అంటారు. కొన్న గుమాస్తా, టీచరు కూడా మోసపోయిన వాళ్లే, వాళ్ల మీద మనకు కోపం లేదు. కాని వంద ముక్కలైన ఆ భూమిలో ఇక నాగలి తిరగదు, వరి నాటు పడదు. ఆ మేరకు కూలి దినాలు పోయాయి. ప్లాటు కొన్నోడు సంవత్సరానికి ఒకసారి వచ్చి కడీలు చూసుకొని పోతాడు. మిగతా రోజులు పడావు. తుమ్మ చెట్లు మొలుస్తాయి.

వెంచర్ల సంగతి చెప్పే పని లేదు. 2020 ఆగస్టు చివర్లో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపి, క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పెట్టమంటే రాష్ట్రంలో 25 లక్షలకు పైగా వచ్చాయి. అంటే ఎన్ని లక్షల ప్లాట్లు ఏ అనుమతీ లేకుండా కోశారో అర్థం చేసుకోవచ్చు. అదే రాష్ట్రంలో పేదల ఇండ్ల జాగకు భూమి దొరకటం లేదని తహసీల్దార్లు రాసిస్తున్నారు!

ఊరి లోపల, ఆబాదిలో కూలి కుటుంబాల ఇండ్లు. తాత కట్టిన గూన పెంకుల ఇల్లు, మట్టి గోడలు, మధ్యలో వాకిలి. ముగ్గురు కొడుకులకు మూడు అర్రలుగా పంచారు. వాళ్ల కొడుకులు పెండ్లిండ్లు చేసుకుంటే వాకిట్లో రేకులు దించారు. కోతులు పెంకులు పీకితే, వానకు గోడ నానితే పెంకులు తీసేసి సిమెంటు రేకులు వేశారు. ఎండాకాలం ఆ రేకుల కింద పసిపిల్ల పండుకోలేదు. ఎస్సీ వాడల్లో, వడ్డెర, బుడగజంగాల గుడిసెల్లో ఇంకా ఇరుకు. ఆ ఇల్లు అమ్మితే ధర రాదు, కుదువ పెడితే అప్పు పుట్టదు. గ్రామకంఠంలో ఇల్లు వున్నోడి దగ్గర ఇంటి పన్ను రశీదు తప్ప కాగితం లేదు. ఊరి బయట చెల్క గజం వేలల్లో పలుకుతుంటే ఊరి నడుమ తరతరాల ఇంటికి కాగితం విలువ సున్నా. ఇది విచిత్రం కాదు. కొనటానికి వచ్చేవాడికి కావలసింది ఖాళీ భూమి, మనిషి వున్న ఇల్లు కాదు.

సర్కారు ఇండ్ల కథ కొంత వివరంగా చెప్పుకోవాలి. 2015 నుంచి రెండు పడక గదుల ఇండ్లు అన్నారు. 560 చదరపు అడుగుల ఇల్లు, పల్లెల్లో ఒక్కోదానికి 5 లక్షల 4 వేలు, లబ్ధిదారు ఒక్క రూపాయి పెట్టనక్కర లేదు. ఆలోచన మంచిదే, ఆ మాట ఒప్పుకోవాలి. 2016 డిసెంబరులో ఎర్రవల్లి, నర్సన్నపేటల్లో సామూహిక గృహప్రవేశాలు జరిగాయి. ముఖ్యమంత్రి దత్తత ఊళ్లు అవి. సిద్దిపేట పట్టణం పక్కన నర్సాపూర్ దగ్గర 2,460 ఇండ్లు కట్టి 2020 డిసెంబరు 10న తెరిచారు. వాటిని చూడటానికి వేరే జిల్లాల నుంచి బస్సుల్లో తీసుకొచ్చారు. మిగతా ఊళ్లలో? పునాదులు లేచి ఆగినవి, గోడలు లేచి తలుపుల్లేనివి, కట్టి పంచనివి. ఊరి జనాభా రెండు వేలైతే వచ్చినవి ఇరవై, ముప్పై. ఆ ఇరవై కోసం కూలి కుటుంబాలే ఒకరి మీద ఒకరు పోట్లాడుకున్నారు.

2023లో పద్ధతి తిరగబడింది. సొంత జాగ వుంటే మూడు లక్షలు ఇస్తామన్నారు. ప్రభుత్వం మారింది. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇండ్లు మొదలు పెట్టారు. నియోజకవర్గానికి 3,500 ఇండ్లు, ఒక్కోదానికి 5 లక్షలు. కాని మొదటి విడతలో సొంత జాగ వున్న వాళ్లకే. పునాది లేపితేనే మొదటి లక్ష. రెండు ప్రభుత్వాల రంగు వేరు కావొచ్చు, జాగ విషయంలో ఇద్దరూ ఒకే చోటికి చేరారు. ఇల్లు కట్టిస్తామంటారు, జాగ మాత్రం నువ్వే తెచ్చుకో అంటారు. జాగ ధర ఇంటి ధరను మించిపోయిన ప్రాంతంలో ఈ మాటకు అర్థం ఏమిటి? 150 గజాలకు ఏడున్నర లక్షలు పెట్టగలిగే కూలి మనిషి వుంటే వాడికి ఐదు లక్షల సాయం ఎందుకు? అందరికంటే పేదవాడు ఎవడో వాడే జాబితాలో లేకుండా పోయాడు. గ్రామసభలో పేరు చదివినప్పుడు లేచి నిలబడిన ఆడబిడ్డను "నీకు జాగ ఉన్నదా?" అని అడిగి కూచోబెట్టిన సంగతి మన కార్యకర్తలు కండ్లారా చూసిందే.

పేదలకు వ్యవసాయ భూమి కొనిచ్చే పథకం కూడా ఈ ధరల కిందనే నలిగింది. 2014 ఆగస్టు 15న దళిత కుటుంబాలకు మూడెకరాలు అన్నారు. కొందామంటే ఎకరం ధర సర్కారు హద్దును దాటిపోయింది. అమ్మేవాడు దొరకలేదన్నారు. 2021లో దళితబంధు వచ్చేసరికి మూడెకరాల మాటే వినబడలేదు. 1973 భూసంస్కరణల చట్టం కింద మిగులు భూమి తేల్చటానికి ఎకరాల లెక్కలు వున్నాయి. ఫామ్‌హౌసుల పేరుతో, కంపెనీల పేరుతో కొన్న భూములను ఆ చట్టంతో కొలిచిన తహసీల్దారును ఇటీవలి కాలంలో మనం చూడలేదు.

ఇది మన ఒక్క దేశం గోడు కాదు. ఇంగ్లండు నైరుతి మూలన సముద్రం ఒడ్డున కార్న్‌వాల్ అనే ప్రాంతం వున్నది. చేపలు పట్టేవాళ్లు, పొలం పని చేసేవాళ్లు వుండిన ఊళ్లు. లండను డబ్బున్న వాళ్లు సెలవులకు వచ్చి వుండటానికి అక్కడి ఇండ్లు కొనుక్కున్నారు. ధరలు పెరిగి ఊరి పిల్లలకు ఊళ్లో ఇల్లు దొరకలేదు. చలికాలం చాలా ఇండ్లకు తాళాలే. అక్కడి సెయింట్ ఐవ్స్ అనే ఊరి వాళ్లు 2016లో ఓటు వేసి, కొత్తగా కట్టే ఇల్లు అక్కడే కాపురం వుండేవాళ్లకే అమ్మాలని తీర్మానించుకున్నారు. 1980లో థాచర్ ప్రభుత్వం పంచాయతీ అద్దె ఇండ్లను అమ్మకానికి పెట్టిన తర్వాత పల్లెల్లో పేదలకు కిరాయి ఇండ్లు కూడా కరువయ్యాయి. 2025 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో రెండో ఇంటి మీద పన్ను రెట్టింపు దాకా వేసుకునే అధికారం స్థానిక సంస్థలకు ఇచ్చారు. పెట్టుబడికి పుట్టినిల్లయిన దేశంలోనే పడావు ఇంటి మీద పన్ను వేస్తుంటే, మన దగ్గర పడావు భూమికి ఇన్నేండ్లు పెట్టుబడి సాయం ఇచ్చారు!

ఈ మధ్య బేరాలు మందగించాయని, వెంచర్లలో ప్లాట్లు కదలటం లేదని దళారులే అంటున్నారు. అయితే కూలోనికి జాగ అందుబాటులోకి వస్తుందా? రాదు. ధర తగ్గితే కొన్నోడు అమ్మడు, ఆగుతాడు. ఆగగలిగే శక్తి వున్నందుకే కొన్నాడు. అవసరానికి అమ్ముకునేది బిడ్డ పెండ్లి, ఆస్పత్రి ఖర్చు నెత్తి మీద వున్న సన్నకారు రైతు. ధర పడినప్పుడు నష్టపోయేదీ వాడే. ఇంకా పెద్ద దెబ్బ రింగు రోడ్డు గీతలో పడ్డ రైతులది. నోటీసు పడిన సర్వే నెంబరు మీద అమ్మకం నడవదు, బ్యాంకు అప్పు ఇవ్వదు. పక్క చెల్క కోటి పలికినా వీడి చెల్క కాగితం ధరకే.

కూలి పని సంగతి చూస్తే నాట్లకు బీహారు, బెంగాలు నుంచి ముఠాలు వస్తున్నాయి. గుత్తకు పట్టి వేస్తారు. మన ఆడోళ్లు గజ్వేల్, తూప్రాన్ కంపెనీలకు ఆటోల్లో పోతున్నారు. ఊళ్లో భూమి తగ్గి, పని తగ్గి, జాగ లేక మనిషి పట్నం పోతే అక్కడ కిరాయి. పండించే భూమి పడావు పడి, ఇల్లు కట్టాల్సిన మనిషి కిరాయి గదిలో వుండటం ఏ అభివృద్ధి కింద రాసుకోవాలో అధికారులే చెప్పాలి.

ఇప్పుడు చేయగలిగిన పనులు కొన్ని చేతికి అందే దూరంలోనే వున్నాయి. 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. అందులో ఆబాది జాగలకు కూడా హక్కుల రికార్డు తయారు చేయాలని రాశారు. మన ఊళ్లలో అది మొదలయ్యే రోజు ఇంటి కొలతలు తీసేటప్పుడు ప్రతి కుటుంబం దగ్గర వుండాలి. అన్నదమ్ముల వాటాలు, వెనుక దొడ్డి, మురికి కాలువ పక్కన ఎవరో జరిపిన గోడ, అన్నీ అప్పుడే తేలాలి. ఆడవాళ్ల పేరు రాయించాలి. పాత ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు పారేయొద్దు.

1977 చట్టం ప్రకారం పేదలకు అసైన్ చేసిన భూమిని ఎవడు కొన్నా ఆ కొనుగోలు చెల్లదు. పదివేలు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకున్న కాగితాలకు భయపడనక్కర లేదు. అట్లాంటి భూములు వెంచర్లలో కలిసిపోయిన చోట సర్వే నెంబర్లు రాసుకొని తహసీలుకు, ఆర్డీవోకు పిటిషను పెట్టాలి. పోయిన ముప్పై ఏండ్లలో ఊళ్లో పేదలకు ఇచ్చిన ఇండ్ల జాగల పట్టాలు ఎవరి చేతుల్లో వున్నాయి, ఆ జాగ ఎవరి కబ్జాలో వున్నది కూడా తేల్చాలి. కాగితం మాత్రం వుండి జాగ చూపించని ఊళ్లు తక్కువేమీ కావు.

భూసేకరణ నోటీసు వచ్చిన ఊళ్లో పట్టాదారులు మాత్రమే సభకు పోతే సరిపోదు. సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ భూముల మీద బతికే కూలీలు, కౌలుదారులు, చేతివృత్తుల వాళ్లు కూడా బాధిత కుటుంబాలేనని 2013 చట్టంలో వున్నది. ఆ మూడేండ్లకు రుజువు ఏమిటని అధికారి అడుగుతాడు. ఉపాధి హామీ జాబ్ కార్డు, రేషను కార్డు, ఓటరు జాబితా, బడిలో పిల్లల పేర్లు. ఇవి నాలుగూ కలిపి ప్రతి వాడలో ఇంటింటి జాబితా ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. నోటీసు పడిన తర్వాత రాస్తే అధికారులు ఒప్పుకోరు. 2025 డిసెంబరులో గెలిచిన సర్పంచులతో, వార్డు మెంబర్లతో ఆ జాబితా మీద సంతకం చేయించి, ఒక ప్రతి పంచాయతీలో, ఒక ప్రతి సంఘం దగ్గర వుంచాలి.